ఎవరిదో తెలియని సుత్తి

కొబ్బరికాయలు పోసుకునే మా పాత పాకని పోయిన నెల పీకేశారు. ముక్తేశ్వరం పక్కనుంచి వెళ్ళే కొత్త రైలుకట్ట మా దొడ్డి మీదుగానే పోతుందని ఎప్పుడో రాళ్ళు పాతి వెళ్ళారు. ఈ ఏడు నిజంగానే మనుషులొచ్చారు. తాటాకులు దింపి వాసాలు ఊడదీస్తుంటే, దూలానికీ గోడకీ మధ్య ఇరికించిన గోనెసంచి ఒకటి ధనామని కింద పడింది. కూలికొచ్చినతను పాదం తప్పించుకుని తిట్టుకున్నాడు. విప్పి చూస్తే సుత్తి తల. కర్ర ఎప్పుడో పుచ్చి పొడైపోయింది. తుప్పు కింద ఏవో అక్షరాలున్నట్టు వేలికి తగులుతున్నాయిగాని చదవడానికి రావడం లేదు. నాన్న దూరంగా కుర్చీలో కూర్చుని చూస్తున్నాడు. "పాత ఇనపసామాన్లో పడెయ్యండి" అన్నాడు. అని, లేచి లోపలికెళ్ళిపోయాడు. నేను దాన్ని చున్నీలో చుట్టి నా గదిలో పుస్తకాల వెనక పెట్టుకున్నాను.

మా ఇంట్లో చప్పుడు చెయ్యకుండా పనులు చేసేది నేనొక్కదాన్నే. నలుగురిలో నోరు విప్పాలంటే నాకిప్పటికీ అరిచేతులు తడిసిపోతాయి. కాలేజీ లైబ్రరీలో ఉద్యోగం దొరకడం నా అదృష్టమనుకుంటాను, అక్కడ మాట్లాడకపోవడమే మర్యాద కాబట్టి. చెప్పాలనుకున్నవన్నీ ఇంటికొచ్చి డైరీలో రాసుకుంటాను. కాని ఆ సుత్తి మా ఇంటికొచ్చిన రోజు గురించి మాత్రం ఎప్పుడూ రాయలేదు. అప్పటికి నాకు డైరీ లేదు, పలకమీద కూడికలు చేసే వయసు. పెద్దయ్యాక రాయబోయినప్పుడల్లా రక్తం దగ్గరికొచ్చి ఆగిపోయేదాన్ని.

మామ్మ, అంటే నాన్న తల్లి మంగాయమ్మ, గుర్తొస్తే నాకు మొహం కన్నా ముందు చప్పుడు గుర్తొస్తుంది. దొడ్లో ఒక తాటిమొద్దు పాతి, దాని నడుమ కన్నం తొలిచి, ఆ కన్నంలో మొన పైకి ఉండేటట్టు గునపం నిలబెట్టి ఉండేది. కాయలు వలిచేవాళ్ళు మావైపు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు, నేనెరిగినంతలో అందరూ మగవాళ్ళే. మా మామ్మ ఒక్కతే ఆడది. తెల్లవారుతూనే చుట్ట వెలిగించి, చీర మోకాళ్ళ పైకి దోపుకుని, కాయని రెండు చేతులా ఎత్తి ఆ మొనమీదికి దించేది. పీచులోకి ఇనుము దిగిన చప్పుడు, మెలితిప్పితే పైనున్న పీచుడొక్క చీలిన చప్పుడు, వలిచిన కాయ వెళ్ళి కుప్పలో పడ్డ చప్పుడు. చుట్టపొగా, పచ్చిపీచు వగరూ, పాకలో ఎండుతున్న కొబ్బరి కమ్మదనమూ కలిసిన వాసన. నాకు పొద్దుటిపూట అంటే ఇప్పటికీ అదే. ఒకసారి ఆమె చెయ్యి జారి మొన అరిచేతిలో దిగి అవతలివైపుకి వచ్చింది. అరవలేదు. చెయ్యి వెనక్కి లాక్కుని, చుట్టబూడిద అద్ది, పాతగుడ్డ చుట్టుకుని మిగిలిన కాయలన్నీ వలిచేసింది. కాయలమీదంతా ఎర్రగా వేలిగుర్తులున్నాయని అంబాజీపేట షావుకారు గుమాస్తా తీసుకోనన్నాడు. మామ్మ మెల్లిగా కత్తి తెమ్మంది. తీసుకున్నాడు.

ఆ గునపం రైల్వేది. తాతయ్య పోయాక రైలుకట్ట పక్కనున్న క్వార్టరు ఖాళీ చేసి వచ్చేస్తూ, బట్టలమూటతోపాటు ఆ గునపాన్ని, నాలుగు ఇనపకీలనీ మోసుకొచ్చింది. అడిగినవాళ్ళకి ఒకటే జవాబు: "ఆళ్ళు నా మనిషిని తీసుకున్నారు, నేను గునపం తీసుకున్నాను." కీలంటే తాళంచెవులు కావు. పట్టాని దాని కింది బిగింపులో కదలకుండా పట్టి ఉంచే ఇనప చీలలు. వాటిలో ఒకదాన్నే మామ్మ తాటిమొద్దు కన్నంలో గునపం పక్కన దిగగొట్టింది. రోజూ కాయలు వలవగా గునపం వదులైతే, రాయితో ఆ కీని నాలుగు దెబ్బలు కొట్టి మళ్ళీ బిగించుకునేది.

ఇంటికెవరొచ్చినా చేతులూపుకుంటూ రావచ్చుగాని మంగాయమ్మగారింటికి మాత్రం తల కాచుకుంటూ రావాలని ఊళ్ళో అనుకునేవారు. కాయలు దొంగిలించడానికి చెట్టెక్కినవాణ్ణి దిగనివ్వకుండా చెట్టు మొదట్లో డొక్కలు పోగేసి నిప్పుపెట్టింది. వాడు పొగకి దగ్గుతూ పైనుంచి పడి కాలు విరగ్గొట్టుకుంటే, వాడి విరిగిన కాలిమీదే మట్టతో మరో దెబ్బ వేసింది. పాకలోకొచ్చిన తాచుని పలుగుతో మెడ దగ్గర నేలకి గుచ్చి, అది తోకతో ఆమె కాలిని చుట్టుకుంటున్నా చుట్ట పీలుస్తూ నిలబడటం నేను చూశాను. అన్నిటికన్నా ఎక్కువ దెబ్బలు తిన్నది మా నాన్న సూరిబాబు. నేను పుట్టాక కూడా తిన్నాడు. కొబ్బరిమట్టతో, అందరూ చూస్తుండగా వీధిలో. ఆయన చెయ్యి అడ్డం పెట్టేవాడు కాదు. నిటారుగా నిలబడి, చూసేవాళ్ళవైపు సిగ్గుగా నవ్వుతూ తినేవాడు. ఇక్కడ తిన్నవి తీసుకెళ్ళి కోటిపల్లి రేవులో గోదారి దాటే పంటు దగ్గర ఎవరికో ఒకరికి ఇచ్చి వచ్చేవాడు. కొన్నిసార్లు అంతదూరం వెళ్ళేవాడు కాదు, అమ్మ దగ్గరే ఉండేది. అమ్మ చెవి ఒకటి ఇప్పటికీ సరిగా వినపడదు.

మామ్మ నాన్నని ప్రతిసారీ ఒకే మాటతో కొట్టేది, వాడి కడుపునెలా పుట్టేవురా అని. ఆ వాడు మా తాతయ్య, సత్తిరాజు. యుద్ధంలో చచ్చిపోయినవాడు. నాన్న బళ్ళో చదివేటప్పుడు ప్రతి పంద్రాగస్టుకీ హెడ్‌మాస్టారు ఆయన్ని పిలిచి బల్లమీద నిలబెట్టి, వీరుడి కొడుకని చప్పట్లు కొట్టించేవారట. దిగిరాగానే తోటిపిల్లలు గిల్లేవారట. ఇంట్లో ఫోటో కూడా లేదు. సైన్యంవాళ్ళు పంపిన కాగితమూ లేదు, మామ్మ పొయ్యిలో పెట్టేసింది. ఉన్నదల్లా మామ్మ కాయలు వలుస్తూ పళ్ళబిగువున అనుకునే మాటలు. ఒక్కో కాయ ఒక్కో శత్రువు. "ఇదీ నీకు" అని దించేది. నాన్న చిన్నప్పుడు ఆ పక్కనే కూర్చుని లెక్కపెట్టేవాడట, ఈరోజు ఎంతమందిని చంపిందో.

తాతయ్య సంగతి నాకు తెలిసింది అమ్మ ద్వారా, అమ్మకి మామ్మ మంచిగా ఉన్న అరుదైన సాయంకాలాల్లో చెప్పింది. ఆయన కోటిపల్లి అవతల, సెంటు భూమి లేని ఇంట్లో పుట్టాడు. వరదకి కొట్టుకుపోయిన రైలుకట్టకి మట్టి మోయడానికి వెళ్ళి, అక్కడే పట్టాలు మరమ్మతు చేసే గాంగులో కుదిరి, చివరికి కీమేన్ అయ్యాడు. తెల్లవారుజామునే భుజాన సుత్తి, చేతిలో ఎర్రజెండా, నడుముకి కీల సంచీతో బయల్దేరి, తన వంతు పట్టాల పొడుగునా నడుస్తూ ప్రతి కీనీ కొట్టి చూడటం ఆయన పని. గట్టిగా ఉన్న కీ గంటలా మోగుతుంది, వదులైంది బొంగురుగా పలుకుతుంది. బొంగురుగా పలికినదాన్ని మోగేదాకా బిగించి ముందుకి సాగాలి. సామర్లకోట దాటాక కట్టపక్కన వాళ్ళ క్వార్టరు. మామ్మ వంటింట్లో కూర్చుని ఆ చప్పుడు వింటూ ఆయన ఎంతదూరంలో ఉన్నాడో చెప్పగలిగేదట. చప్పుడు దూరమైతే ఇల్లు ఊడ్చేది, మళ్ళీ దగ్గరవుతుంటే బియ్యం కడిగేది. ఆయన ఎవరిమీదా చెయ్యెత్తి ఎరగడని, కోడిని కొయ్యమంటే పక్కింటాయన్ని పిలుచుకొచ్చేవాడని అమ్మ చెబితే నేను నమ్మలేదు. మా ఇంట్లో అలాంటి మనిషి ఒకడుండేవాడంటే ఎలా నమ్ముతాను?

రైల్వేవాళ్ళతోనే కట్టిన సైన్యం ఒకటుందట. ఏడాదికోసారి పిలిచి, కవాతు చేయించి, తుపాకీ పట్టించి మళ్ళీ పనిలోకి పంపేవారు. యుద్ధమొస్తే మాత్రం పూర్తిగా సైనికులే. తెగిన పట్టాలు అతకడానికి, రైళ్ళు నడపడానికి. అదే గాంగులో పనిచేసే అప్పారావు ముందు తను చేరి, బూట్లూ ఉన్నికోటూ ఇస్తారని చెప్పి తాతయ్యనీ చేర్పించాడు. బంగ్లాదేశ్ యుద్ధం వచ్చింది. ఇద్దరినీ పడమటి సరిహద్దు ఎడారిలోకి పంపారు. అప్పారావు తిరిగొచ్చాడు.

మామ్మ దృష్టిలో ఆయన నేరం అదే, తిరిగిరావడం. నాకు తెలివొచ్చేసరికే అదొక ఏటేటా జరిగే తంతు. మార్గశిరంలో తాతయ్య పోయిన తిథినాడు, మేము పెద్దలకి పెట్టుకునే రోజున, అప్పారావు తాతగారు పంటు దిగి నడిచి వచ్చి మా గేటు బయట నిలబడేవాడు. బక్కమనిషి, తెల్లచొక్కా గుండీలన్నీ మెడదాకా పెట్టుకునేవాడు. "చెల్లెమ్మా, ఒక్కమాట చెప్పి పోతానమ్మా. ఆడెలాగ పోయేడో నీకు తెలియాలి" అనేవాడు. మామ్మ డొక్కలు విసిరేది. ఆయన తప్పుకునేవాడు కాదు, మొహానికి మాత్రం గొడుగు అడ్డం పెట్టుకునేవాడు. ఆ మాట నువ్వే మింగు, దాంతోపాటే చావు అని మామ్మ అరిచేది. కాసేపు నిలబడి, కాజాల పొట్లం గేటుకి తగిలించి వెళ్ళిపోయేవాడు. మామ్మ ఆ పొట్లాన్ని కుక్కలకి వేయించేది. కుక్కలకి వేసే పని నాదే కాబట్టి, వాటికెప్పుడూ ఒకటి తక్కువ వచ్చేది.

నేను పలక పట్టిన ఆ ఏడు ఆయన గొడుగు తేలేదు. చేతిలో కర్ర, భుజాన గోనెసంచి. సంచి బరువుకి ఒకపక్కకి ఒరిగిపోయి నడుస్తున్నాడు. బాగా చిక్కిపోయాడు, దగ్గు. గేటు బయట ఆగలేదు. గొళ్ళెం తీసి లోపలికి అడుగుపెట్టాడు. మామ్మ చేతిలో అప్పుడే వలిచిన కాయ ఉంది. డొక్క కాదు, కాయ. విసిరింది. అది ఆయన కనుబొమ పైన తగిలిన చప్పుడు నేను పాక గుమ్మంలోంచి విన్నాను. తడిగుడ్డ బండమీద కొట్టినట్టుంది. ఆయన పడిపోలేదు. కర్ర పట్టుకుని నెమ్మదిగా డొక్కల కుప్పమీద కూర్చున్నాడు. రక్తం కన్ను నింపి, చెంప మీదుగా కారి, ఆ తెల్లచొక్కా గుండీల వెంబడి కిందికి దిగింది. అంత రక్తం మనిషిలోంచి అంత నిశ్శబ్దంగా వస్తుందని నాకు తెలియదు.

మామ్మ రెండో కాయ ఎత్తింది. అప్పుడు అమ్మ, అత్తగారి ముందు ఏనాడూ గొంతెత్తని మా అమ్మ, చేతిలో కాఫీపొడి డబ్బాతో వాళ్ళిద్దరి మధ్యకి వచ్చి నిలబడింది.

"అత్తయ్యగారండీ, ఆయన చచ్చిపోతే మన వాకిట్లోనే చస్తాడండి. పెద్దలకి పెట్టుకునే రోజు. కూర్చోండి."

మామ్మ కూర్చోలేదు, కాయ మాత్రం దించింది. అమ్మ పిడికెడు కాఫీపొడి గాయంలో అదిమి తుండుగుడ్డ కట్టింది. ఆయన ఒంటికన్నుతోనే సంచి విప్పి సుత్తి బయటికి తీశాడు. పొడుగాటి కర్ర, చెమటకి నల్లబడి నున్నగా ఉంది. "నేనేం చెప్పన్లేమ్మా. ఇది చెప్తాది, విను" అన్నాడు. పాక్కుంటూ తాటిమొద్దు దగ్గరికెళ్ళి, గునపం పక్కనున్న కీమీద కొట్టాడు. మొదటి దెబ్బ బొంగురుగా పలికింది. రెండోది కాస్త పైకెళ్ళింది. మూడోది ఇంకా పైకి. నాలుగో దెబ్బకి కీ, గునపం, మొద్దు అన్నీ కలిసి గంటలా మోగాయి. మామ్మ నోట్లోంచి చుట్ట కింద పడింది. ఆయన సుత్తిని అటువైపు తిప్పి, కీని అడుగునుంచి వెనక్కి కొట్టాడు. ముందు మోగింది, తరవాత గొంతు పోయింది, చివరికి దబ్బున ఊడి పక్కన పడింది.

"ఏది బిగించే దెబ్బ, ఏది తీసే దెబ్బ? నీకు తెలుస్తదా, తెలీదా?"

"ఆయ్, తెలుస్తది" అంది మామ్మ. అది ఆమె గొంతులా లేదు.

అప్పుడాయన చెప్పాడు. మామ్మ డొక్కలమీద ఆయనకెదురుగా కూర్చుని వింది. నన్ను ఎవరూ లోపలికి పొమ్మనలేదు, నేనున్నట్టు ఎవరికీ గుర్తులేదు. సరిహద్దు అవతల మనవాళ్ళు పట్టుకున్న ఒక చిన్న స్టేషన్లో వీళ్ళని దింపారు. శత్రువుల పట్టాలమీదే మన రైళ్ళు నడపాలి. పగలు విమానాలొచ్చి పట్టాలు ఎగరగొట్టేవి, వీళ్ళు అతికేవారు, మళ్ళీ ఎగరగొట్టేవి. మాతో తుని కుర్రాడొకడు ఉండేవాడమ్మా అన్నాడు. బాంబుకి లేచిన పట్టాముక్క గాలిలో తిరుగుతూ వచ్చి వాణ్ణి నడుము దగ్గర రెండుగా కోసేసింది. కాళ్ళు నిలబడే ఉన్నాయి కాసేపు. కోడిని కోయలేని సత్తిరాజు, వాడి ముక్కలన్నీ ముళ్ళచెట్ల కొమ్మల్లోంచి ఏరి, కీలు మోసే సంచిలో వేసి, తన చొక్కా విప్పి పైన కప్పాడు. ఆ తరవాత అన్నం తినలేదు. మాట్లాడటం కూడా మానేశాడు.

ఒకనాడు తెల్లవారుజామున బాగా మంచుపట్టి ఉంది. అందరూ కట్టపక్క గోతిలో తుపాకులతో పడుకుని ఉన్నారు. శత్రువుల వైపు నుంచి పట్టాల మీదుగా చప్పుడు వినపడింది. ఠంగ్ మని ఒకటి, కాసేపాగి ఇంకొకటి. దగ్గరికొస్తోంది. ఎవడో పట్టాలు విప్పేస్తున్నాడని పైవాళ్ళు గుసగుసగా గురిపెట్టమన్నారు. కాల్చమంటే కాల్చడమే. తాతయ్య తల పైకెత్తి విన్నాడు. ఎన్నో రోజుల తరవాత మాట్లాడాడు.

"తియ్యట్లేదురా అప్పారావూ, బిగిస్తన్నాడు. మనలాంటోడే. కీమేన్."

అని లేచి నిలబడ్డాడు. అప్పారావు కాలు పట్టుకుంటే విదిలించుకున్నాడు. గోతిలోంచి పైకెక్కి, పట్టాల మధ్యకి వెళ్ళి, చేతిలో సుత్తి పైకెత్తి ఊపుతూ, ఆగు ఆగు అని తెలుగులోనే అరుస్తూ మంచులోకి నడిచాడు. ఎవరి తుపాకీ ముందు పేలిందో నేను చెప్పలేనమ్మా అన్నాడు అప్పారావు తాతగారు. మొదటిది పేలాక అన్నీ పేలాయి, అటునుంచి కూడా పేలాయి. తాతయ్యకి వీపులోంచి దిగిన గుండు పొట్టలోంచి బయటికొచ్చింది. వీపు మనవైపు ఉంది. ఆయన్ని కాళ్ళు పట్టుకుని గోతిలోకి ఈడ్చుకొచ్చారు. పేగులు చేత్తో లోపలికి అదుముతూ అప్పారావు కూర్చున్నాడు. తాతయ్య ఎండొచ్చేదాకా ప్రాణంతో ఉన్నాడు. నీ పేరుగాని, పిల్లాడి పేరుగాని చెప్పేడని నేను అబద్ధం చెప్పను చెల్లెమ్మా. "చప్పుడాగిపోయిందేంట్రా" అన్నాడు. అంతే.

మంచు విడిపోయాక చూస్తే, పట్టాలమీద ఒక ముసలాయన బోర్లా పడి ఉన్నాడు. చేతుల్లేని ఉన్నిబనీను, చంకలో చుట్టిపెట్టిన ఎర్రజెండా, సంచిలో కీలు. యుద్ధమొచ్చిందని ఊరు ఊరంతా పారిపోయినా ఆయన తన వంతు పట్టాలు చూసుకోవడానికి తెల్లారే బయల్దేరాడు. ఎవరూ వద్దని చెప్పి ఉండరు, చెప్పినా విని ఉండడు. ఆయన వచ్చిన దారిలో వెనక్కి నడిచి చూస్తే ప్రతి కీ బిగిసి ఉంది. ఆ రోజు మన రైలు ఆ పట్టాలమీదే వచ్చింది. పట్టాల మధ్య రెండు సుత్తులు పడి ఉన్నాయి, అచ్చం ఒకేలాంటివి. దేశం రెండుగా విడిపోకముందు అంతా ఒకే రైల్వే కదా. ఏది సత్తిరాజుదో తెలియక అప్పారావు ఒకటి తీసుకున్నాడు. "ఇదే ఆడిదని చెప్పేసి ఇచ్చేద్దునమ్మా. కాని తెలీదు" అన్నాడు.

మామ్మ సుత్తికర్రని చివరదాకా చేత్తో తడిమి చూసింది. తరవాత, ఆ ముసలాయన ఒంటిమీద ఇంకేమున్నాయని అడిగింది. మొలలో రొట్టెల మూట ఉందన్నాడు.

"పెళ్ళాం కట్టిచ్చింది" అంది మామ్మ.

"అయ్యుంటదమ్మా."

"ఆ రొట్టెలేం చేసేరు?"

అప్పారావు తాతగారు తుండుగుడ్డ కిందనుంచి కారుతున్న రక్తం తుడుచుకున్నాడు. "తినేసేం చెల్లెమ్మా. నాలుగు రోజులై తిండి లేదు. ఆడి పక్కనే కూర్చుని తినేసేం."

మామ్మ లేచింది. నూతి దగ్గరికెళ్ళి కాళ్ళూ చేతులూ కడుక్కుని వచ్చింది. తాతయ్య కోసం సావిట్లో అప్పటికే ఒక అరిటాకు వేసి, అన్నం, చేపలపులుసు, గారెలు వడ్డించి ఉన్నాయి. దాని పక్కన మామ్మ ఇంకో ఆకు పరిచింది. అమ్మ ఎవరికని అడగలేదు. "ఆ ముసిలాడి కూడు మనోళ్ళు తిన్నారు. తిన్నోళ్ళం పెట్టాలి. తింటాడో మానతాడో ఆడిష్టం" అని విసురుగా గరిటె దబదబలాడిస్తూ వడ్డించింది.

అప్పుడే నాన్న వచ్చాడు. వాకిట్లో రక్తం చూశాడు, అప్పారావు తాతగారిని చూశాడు, రెండు ఆకులు చూశాడు. ఎవరికని అరిచాడు. అప్పారావు తాతగారే మళ్ళీ చెప్పాడు, ఈసారి క్లుప్తంగా. అంత క్లుప్తంగా చెబితే అందులో మిగిలేది ఒకటే, మనవాళ్ళ గుండుకే చచ్చిపోయాడని. నాన్న ఆయన చొక్కా పట్టుకుని లేపాడు. కట్టు ఊడిపోయింది. చెంపమీద కొట్టాడు, ఇంకోటి కొట్టాడు. బళ్ళో బల్లమీద నిలబడినవన్నీ, గిల్లించుకున్నవన్నీ కొట్టాడు. అమ్మ అడ్డమెళితే అమ్మ కూడా గోడకి తగిలింది. తరవాత సావిట్లోకొచ్చి, శత్రువుకి పెడతావా నా తండ్రి పక్కన అంటూ రెండో ఆకుని కాలితో తన్నాడు. పులుసు గోడమీద చిమ్మింది.

మామ్మ వాకిట్లోకెళ్ళి సుత్తి తెచ్చింది. పొడుగాటి కర్ర చివర రెండు చేతులతో పట్టుకుని, కాయని ఎత్తినట్టే తలపైకి ఎత్తింది. ఈసారి నాన్న నిటారుగా నిలబడలేదు. రెండు చేతులూ తలమీద పెట్టుకుని, మోకాళ్ళు ముడుచుకుని గోడవారకి ఒదిగిపోయాడు. "వద్దమ్మా, వద్దమ్మా" అన్నాడు. నా కన్నా చిన్నపిల్లాడి గొంతు. అంత పెద్ద మనిషిలో ఆ గొంతు అన్నాళ్ళూ ఎక్కడుందో నాకు తెలియదు. మామ్మకి తెలుసనుకుంటాను. సుత్తి అలాగే పైన ఉండిపోయింది. నెమ్మదిగా దించి, దాన్ని గోడకి చేరవేసి, కిందకూర్చుని, చిమ్మిన మెతుకులు ఏరడం మొదలుపెట్టింది. ఏరుతూ, ఇంకో ఆకు తెమ్మని నాతో అంది. నేను పరిగెత్తాను.

ఆ తరవాత మామ్మ ఎవరినీ కొట్టలేదని రాస్తే బాగానే ఉంటుంది, కాని అబద్ధం. కొట్టింది. చేతులకి అలవాటైన పని ఒక్కరోజులో పోదు. కాని నాన్న మీద మట్ట ఎత్తిన ప్రతిసారీ పైన ఒక క్షణం ఆగేది, కొన్నిసార్లు ఆ ఆగడంలోనే దిగిపోయేది. కాయలు వలుస్తూ ఇదీ నీకు అనడం మాత్రం పూర్తిగా మానేసింది. అప్పారావు తాతగారు ఇంకో రెండు మార్గశిరాలు వచ్చారు, గేటు లోపలికే. భోజనం చేసేటప్పుడు ఆయన కనుబొమమీది మచ్చని మామ్మ చూసి, గురి తప్పింది, కన్నుకి తగలాల్సింది అనేది. ఆయ్, వచ్చే ఏటికి సరిచూసుకో చెల్లెమ్మా అని ఆయన ఇంకాస్త పులుసు వేసుకునేవాడు. తరవాత ఆయన రాలేదు. తరవాత మామ్మ పోయింది. సుత్తి ఎక్కడుందో ఆమె ఎవరికీ చెప్పలేదు. ఎవరి చేతికీ అందకూడదని అంత ఎత్తున దాచిందని పాక పీకినప్పుడు అర్థమైంది.

మొన్నామధ్య సరిహద్దు మీద విమానాలు తిరిగిన రోజుల్లో, మా లైబ్రరీలో నిశ్శబ్దం అన్న బోర్డు కింద కూర్చుని పిల్లలు సెల్‌ఫోన్లలో పేలుళ్ళు చూస్తూ కేకలేశారు. మొహాలు వెలిగిపోతున్నాయి. నేను వాళ్ళకేమీ చెప్పలేకపోయాను, చెప్పే నోరు నాకు లేదు. ఇంటికొచ్చేసరికి మా టీవీ ఆపేసి ఉంది. ఒకప్పుడు రేవులో అందరికన్నా ముందు అరిచే మనిషి, నాన్న, చీకట్లో అరుగుమీద కూర్చుని ఉన్నాడు. అమ్మ వినపడని చెవివైపు కాకుండా ఇటువైపు కూర్చుని ఆయనతో ఏదో మెల్లిగా మాట్లాడుతోంది. మార్గశిరంలో రెండో ఆకు ఇప్పుడు ఆయనే పరుస్తాడు. ఎవరితోనూ ఏమీ అనడు. చేపముక్కల్లో ముళ్ళు తీసి మరీ వడ్డిస్తాడు, ముసలాయన కదా.

నిన్న పొద్దున్న దొడ్లోంచి కర్ర చెక్కుతున్న చప్పుడొస్తే వెళ్ళాను. నాన్న సరుగుడుకర్రని కత్తితో నునుపు చేస్తున్నాడు. ఆ సుత్తి ఎక్కడ పెట్టావే అన్నాడు, తలెత్తకుండా. తెచ్చిచ్చాను. తుప్పు గీకి, కర్ర బిగించి, తాటిమొద్దు దగ్గర కూర్చున్నాడు. పాక పోయింది, చెట్లకి నంబర్లు వేశారు, గునపం మాత్రం ఇంకా అలాగే ఉంది. తీసెయ్యమని కంట్రాక్టరు మనుషులు ఎన్నిసార్లు చెప్పినా ఆయన తియ్యలేదు. కట్ట కింద పోతే పోనీ అంటాడు. కీమీద ఒక దెబ్బ వేశాడు. వంకరగా తగిలింది. ఇంకోటి వేశాడు. ఆగి, నావైపు చూశాడు. ఆ రోజు ఆయన వచ్చేసరికి అప్పారావు తాతగారు కొట్టి చూపించడం అయిపోయిందని నాకప్పుడు గుర్తొచ్చింది. తండ్రి పోయేనాటికి ఆయన చంటిపిల్లాడు, ఆ చప్పుడు విన్న గుర్తే లేదు. విన్నవాళ్ళలో మిగిలింది, ఒక చెవితో అమ్మా, నేనూ.

"ఏది బిగించేది? నువ్వున్నావుగా ఆరోజు" అన్నాడు.

చెయ్యి చాపాను. ఆయన సుత్తి ఇచ్చాడు. అంత బరువుంటుందని అనుకోలేదు. మొదటి దెబ్బ బొంగురుగా పలికింది. రెండోది కాస్త పైకెళ్ళింది, మూడోది ఇంకా పైకి. నాలుగోది మోగింది. నాన్న కళ్ళు మూసుకుని ఉన్నాడు. మోత పూర్తిగా సన్నబడిపోయేదాకా ఆగి, "ఇంకోసారి కొట్టమ్మా" అన్నాడు.